మా గల్లీకి వేరే గొంతు

చలి మొదలైన ఒక పొద్దున్న నేను బడికి పోవడానికి తల దువ్వుకుంటుంటే, చనిపోయిన మనిషి గొంతు మా గల్లీలోకి వచ్చింది.

"పెద్ద పటేలమ్మా, చిన్న పటేలమ్మా... ఉల్లిగడ్డలు వొచ్చినయి, ఎల్లిగడ్డలు వొచ్చినయి... జెర దయుంచి బయటికి రాండ్రమ్మా."

మా అత్తమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమె చెయ్యి చాటలోనే ఆగిపోయింది. "వాడు పోయిండు గద" అన్నది నా వైపు చూసి. పోయాడు, వానాకాలం మొదట్లోనే పోయాడు. గొంతు మాత్రం ట్రాలీ ఆటో మీది మైకులో ఉండిపోయి, ఎప్పటిలాగే మమ్మల్ని దయుంచమంటోంది. ఆ గొంతును పెన్‌డ్రైవులోకి ఎక్కించింది నేనే. అద్దంలో నా మొహం నేనే చూసుకోలేక దువ్వెన పక్కన పెట్టేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు తెలియక కాదు, మా ఇంట్లో ఎవరమూ ఆయనను ఆ పేరుతో పిలిచినవాళ్ళం కాము. 'ఉల్లిగడ్డలోడు' అనేవాళ్ళం. నాకంటే చాలా పెద్ద. 'ఆయన' అనడానికి ఆయన చనిపోయేదాకా ఆగాను. ఇప్పుడు అనడం వల్ల ఆయనకు ఒరిగేది ఏమీ లేదు.

ఆయన గుర్తొస్తే నాకు ముందుగా కనిపించేది ఉల్లిపొట్టు. బేరం లేనప్పుడు బండి పక్కన నిలబడి ఉల్లిగడ్డల పైపొట్టు ఒలుస్తూనే ఉండేవాడు. గడ్డ నున్నగా కనబడితే కొనేవాళ్ళకు మనసవుతుందట. ఆ పొట్టు చొక్కా మడతల్లో, జేబులో, మీసంలో కూడా ఉండేది. బండి కదిలితే వెనకాల గులాబిరంగు పొరలు ఎగిరేవి. కాంటాలో తూకం సరిపోయాక పైన ఒక గడ్డ వేసి, "గంతే గద" అనేవాడు. ఏ మాట చెప్పినా చివర ఆ ముక్క ఉండాల్సిందే. ఫ్యాక్టరీల పని పోయింది, గంతే గద. మోకాలు నొస్తున్నది, గంతే గద. నవ్వు వస్తే మాత్రం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు, పళ్ళు కనబడటం తప్పన్నట్టు.

తువ్వాల సంగతి కూడా ఉంది. హైవే మీద నుంచి వచ్చేటప్పుడు అది భుజం మీద ఉండేది. మా గల్లీ మూల తిరగగానే తీసి నడుముకు కట్టుకునేవాడు. ఉక్కకు అలా చేస్తున్నాడని అనుకున్నాను. నేను జోగిపేట దిక్కు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని, అక్కడా ఇలాంటివి చూస్తూ పెరిగినదాన్నే. అయినా ఉక్క అనుకోవడం సులువు, అందుకని అలాగే అనుకున్నాను.

మా ఊరు ఇప్పుడు ఊరు కాదు. పటాన్‌చెరు పెరుగుతూ వచ్చి దాన్ని తనలో కలిపేసుకుంది. ముందు బొంబాయి రోడ్డు, వెనక ఫ్యాక్టరీల ప్రహరీ గోడలు, మధ్యలో మా పాత ఇళ్ళు. మావాళ్ళు పొలాలు అమ్ముకున్నారు గాని 'పటేల్' అనిపించుకోవడం మాత్రం అమ్ముకోలేదు. ఆయన తండ్రి ఈ ఊరి చాటింపు మనిషి. డప్పు కొట్టి, మూలమూలకూ ఆగి, ఊరందరికీ కబురు చెప్పేవాడట. కొడుకు డప్పు ముట్టనని రసాయనాల డ్రమ్ములు కడిగే ఫ్యాక్టరీలో చేరాడు. ఆ పని పోయాక పాత ట్రాలీ ఆటో కొన్నాడు. డప్పు వదిలినా తండ్రి గొంతు ఆయనను వదల్లేదు. ఆ గొంతును చూసుకుని, "గొంతేమన్న కిరాయిదా" అని మురిసేవాడు.

భార్య పేరు మీద కొల్లూరులో సర్కారు ఇల్లు వచ్చాక ఆ గొంతు కూడా చాలలేదు. అక్కడివన్నీ ఆకాశానికి నిలబెట్టిన బిల్డింగులు. కింద ఎంత అరిచినా పై అంతస్తుల్లో ఫ్యాను చప్పుడే వినబడుతుంది. అందరిలాగే ఆయనా బండికి మైకు, దానికి చిన్న డబ్బా కట్టించుకుని, తన గొంతు ఫోనులో రికార్డు చేసుకున్నాడు. ఫోను దాన్ని ఒక రకం ఫైలుగా దాచింది. డబ్బాకు ఎంపీత్రీ తప్ప ఇంకేదీ పడదు. బస్టాండు దగ్గర ఒక మొబైల్ దుకాణంలో మార్పించబోతే, వాళ్ళు ఫోనులో ఏదో ఎక్కించి ఇచ్చారు. అప్పటినుంచి ఎవరికైనా ఫోను చేద్దామని తీస్తే ముందు రమ్మీ ఆడమని బొమ్మలొచ్చేవి.

నేను ప్రైవేటు బడిలో కంప్యూటర్ చెప్తానని ఎవరో చెప్పారట. ఒక ఆదివారం వచ్చి మా గడప అవతల నిలబడ్డాడు. ఫోనును చొక్కాకు రెండుసార్లు తుడిచి, గడప మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు. నేను వంగి తీసుకున్నాను.

కుర్చీ వేస్తానన్నాను. వద్దు, ఇక్కడ్నుంచి మంచిగ కనబడుతుందన్నాడు. నేను మానిటర్‌ను ఆయన వైపు తిప్పి, అదే గొప్ప మర్యాద అనుకున్నాను.

పదినిమిషాల పని అని చెప్పి కూర్చున్నాను. ఆడియో మార్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగా అని వెతికితే సవాలక్ష వచ్చాయి. ప్రతి పేజీలోనూ నాలుగు డౌన్‌లోడ్ బటన్లు, వాటిలో ఏది అసలుదో తెలియదు. పెద్దగా, పచ్చగా ఉన్నదాన్ని నమ్మొద్దని బళ్ళో పిల్లలకు చెప్పేది నేనే. అత్తమ్మ పొయ్యి దగ్గరికి పిలుస్తోంది, గడప దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు, తొందరలో ఆ పచ్చదాన్నే నొక్కాను. ఒకటి అడిగితే మూడు దిగాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే గడుల్లో మనం చూడకముందే టిక్కులు పెట్టి ఉంటాయి, అవి తీసేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నేను తీయలేదు. బ్రౌజరు మొహం మారిపోయింది, కంప్యూటర్‌లో ఇన్ని వైరస్‌లున్నాయని ఎర్రగా హెచ్చరికలు మొదలయ్యాయి.

ఎలాగో ఫైలు మార్చి వినిపించాను. "అక్కా, సెల్లే, వదినా, మరదలా, అత్తా, సిన్నమ్మా, పెద్దమ్మా, అవ్వా, జెర కిందికి రాండ్రి, మీ కోసం..." అక్కడ ఆగిపోయింది. కొనుక్కోకపోతే మొదటి ముక్కే మారుస్తుందట. ఆయన కాసేపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వాడు.

"సుట్టాలందరు వొచ్చిండ్రు, ఉల్లిగడ్డ రాలే."

నాకూ నవ్వొచ్చింది. ఇన్ని వరుసలెందుకు, అక్కలారా అంటే సరిపోదా అని అడిగాను. అందులో ఆయన రాజీపడలేదు. ఒకామెను అక్కా అని పిలిచి ఇంకొకామెను వదిలేస్తే ఆమె మనసు నొచ్చుకుంటుందన్నాడు. కొల్లూరులో ఎక్కడెక్కడి బస్తీలవాళ్ళో వచ్చి చేరారు. ఎవరిది ఏ ఊరో, ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరికీ తెలియదు. అందుకని అక్కడ అందరినీ ఏదో ఒక వరుస పెట్టి పిలవొచ్చు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఉన్న సంబరం నాకిప్పటికీ గుర్తుంది.

ఎక్కించిన చెత్త అంతా తీసేసి, ఒకసారి వైరస్ స్కాన్ పెట్టి, ఈసారి నిదానంగా వెతికాను. తయారుచేసినవాళ్ళ సొంత సైటు ఏదో చూసుకుని, అక్కడి నుంచే దించాను. ఎవరో కొందరు కలిసి జీతం లేకుండా లోకం కోసం రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. ప్రకటనలు లేవు, పేరు అడగలేదు, మెయిల్ అడగలేదు. ఫైలు మొత్తం మారింది. ఉల్లిగడ్డ కూడా వచ్చింది. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఫోనులో దుకాణంవాడు పెట్టిన దరిద్రం కూడా తీసేశాను.

"పైసలడగలే, పేరు సుత అడగలే. మరి ఆళ్ళకేం మిగిలింది?" అన్నాడు.

కొందరు ఊరికే ఇస్తారు అని చెప్పాను.

"ఉంటరా?" అని మా ఇంటి లోపలికి ఒకసారి చూసి, చూపు దించుకున్నాడు.

అప్పుడు నాకు తట్టలేదు. మా ఇంట్లోంచి వాళ్ళ వాడకు పోయినవన్నీ ఊరికే పోయినవే. పాత బట్టలు, మిగిలిన అన్నం, పండగనాటి అప్పాలు. వాటన్నిటికీ ఎవరూ చూడకముందే టిక్కు పెట్టిన ఒక గడి ఉండేది. వాళ్ళు ఏమని పిలవాలి, ఎక్కడ నిలబడాలి, తువ్వాల ఎక్కడ ఉండాలి అన్నది ఆ గడిలోనే రాసి ఉండేది. పోయేటప్పుడు ఆయన గడప దగ్గర వంగి, తన చొక్కా నుంచి రాలిన ఉల్లిపొట్టు ఒక్కొక్కటి ఏరి జేబులో వేసుకున్నాడు. నేను ఉండనీ, ఊడుస్తానులే అనలేదు. శుభ్రం తెలిసిన మనిషి అనుకున్నాను.

తర్వాత ఆ బండి మా గల్లీలోకి చప్పుడు లేకుండా రావడం మొదలైంది. హైవే దగ్గర మైకు వినబడేది, మూల తిరగగానే ఆగిపోయేది. మేం చూసుకునేలోగా బండి దాటిపోయేది. అత్తమ్మకు కోపమొచ్చి ఒకరోజు గేటు దగ్గర ఆపి, ఊరందర్నీ పిలుస్తావు, మా దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోతుందా అని అడిగింది. మళ్ళీ ఆదివారం మా గడప దగ్గరికి వచ్చాడు.

మా గల్లీకి వేరేది ఒకటి చెయ్యాలన్నాడు. ఎందుకన్నాను. చాలాసేపు నసిగాడు. చివరికి గొంతు తగ్గించి, లోపల అత్తమ్మకు వినబడకుండా చెప్పాడు.

"దాంట్ల వదినా అని ఉన్నది గద, మరదలా అని ఉన్నది గద. గది ఈడ ఒర్రితె మీ ఇంటోళ్ళను అన్నట్టయితది. మా అయ్య ఈ గల్లిల నిలవడి గట్ల ఎన్నడన్న అన్నడా."

అదీ సంగతి. వదినతో పరాచికాలాడొచ్చు, మరదలితో ఇంకా ఎక్కువ ఆడొచ్చు. మైకుకు మనుషులు తెలియరు, అది అందరినీ ఒక్కలాగే పిలుస్తుంది. అందుకే ఆయన మూల తిరగగానే దాని నోరు నొక్కేస్తున్నాడు. ఆ రోజు నేను ఒక్క మాట అనవలసింది. ఉన్నదే పెట్టు, ఏం కాదు అంటే సరిపోయేది. నేను రికార్డింగ్ బటన్ నొక్కి, చెప్పు అన్నాను.

ఆయన తువ్వాల సవరించుకుని చెప్పాడు. పెద్ద పటేలమ్మా, చిన్న పటేలమ్మా. అయిపోయాక నాకు సాఫ్ట్‌వేర్‌లో రెండు గొంతులూ పక్కపక్కన గీతలుగా కనిపించాయి. కొల్లూరు గొంతు గీతలు పైనుంచి కిందిదాకా నిండుగా ఉన్నాయి. మా గల్లీ గొంతు సన్నగా, మధ్యలో పాకుతున్నట్టుంది. ఇది మైకులో వినబడదని చెప్పి, నేను దాని వాల్యూం పెంచాను. అణిగి పలికిన గొంతును అణిగినట్టే ఉంచి, నాలుగిళ్ళకు వినబడేంత పెద్దది చేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఫైలు మారుతుండగా మాట కలపడానికి మా పుట్టినూరు అడిగాడు. చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. వాళ్ళావిడదీ అదే ఊరట. నాకంటే చాలా ముందే పెళ్ళయి వచ్చేయడం వల్ల నాకు తెలియదు.

"ఒక్కూరి ఆడిబిడ్డలు అక్కసెల్లెండ్లంటరు. గా లెక్కన నువ్వు నాకు మరదలివైతవ్" అన్నాడు.

అన్న వెంటనే చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఈసారి నవ్వు దాచుకోవడానికి కాదు. "తప్పు, తప్పు. నోరు జారింది పటేలమ్మా" అన్నాడు.

"పర్వాలేదు" అన్నాను.

ఎంత మెత్తగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. తప్పు చేసినవాణ్ణి క్షమించేటప్పుడు అనే మాట అది. ఆయన చేసిన తప్పేమిటో నేను అడగలేదు, అది తప్పు కాదని చెప్పలేదు. తెర వైపు తిరిగి రెండు ఫైళ్ళకూ పేర్లు పెట్టాను. ఒకటి 'అందరికి', రెండోది 'మా గల్లీ'. ఆయన ఈసారి కూడా పొట్టు ఏరుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత ఏ లోటూ లేదు. మూల దగ్గర ఆయన బటన్ నొక్కేవాడు, మైకు మమ్మల్ని గౌరవంగా పిలిచేది, అత్తమ్మ కొంగు సవరించుకుని బయటికి వెళ్ళేది. వాడికి మర్యాద తెలుసు అనేది. ఆయన పోయిన కబురు మాకు దినాలు అయిపోయాక తెలిసింది. నిద్రలోనే పోయాడట. మా ఇంటి నుంచి ఎవరం వెళ్ళలేదు. వాళ్ళ చావులకు పోయే అలవాటు మాకు లేదు. అత్తమ్మ ఎవరితోనో బియ్యం పంపించింది, నేను వద్దనలేదు, నేనే తీసుకుపోతాననీ అనలేదు.

ఆ చలిపొద్దున గొంతు వినబడగానే నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాను. బండి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగి ఉంది. ఆయన కొడుకు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య కాంటా పక్కన నిలబడి ఉల్లిగడ్డ పైపొట్టు ఒలుస్తోంది. చేతుల తీరు కూడా అచ్చం ఆయనదే.

ఇది ఎందుకు పెడుతున్నారని కొడుకును అడిగాను. మూల తిరగగానే రెండోది నొక్కాలని తండ్రి తనకు అలవాటు చేసిపోయాడట, అంతకంటే తనకేమీ తెలియదట. ఆ పెన్‌డ్రైవు ఇవ్వమన్నాను. ఈ పటేలమ్మల ముక్క తీసేస్తాను, ఇక నుంచి మా గల్లీలో కూడా కొల్లూరుదే పెట్టండి, వదినా మరదలా అన్నీ ఉండనివ్వండి అన్నాను. చాలా పెద్ద మనసుతో అంటున్నాననుకున్నాను.

ఆమె ఒలుస్తున్న గడ్డను బండిలో పెట్టింది. కోపంగా ఏమీ లేదు.

"ఆ దినం నోరు జారిందని ఇంటికొచ్చి పరేషాన్ అయ్యిండు. బువ్వ తినలే. మళ్ల ఆ గల్లికి పోవాల్నా వద్దా అని రాత్రంత అదే ముచ్చట" అన్నది. "బతికున్నన్ని దినాలు నిన్ను మరదలా అనలే, పటేలమ్మా. ఇప్పుడు సచ్చినోనితోని అనిపిస్తవా?"

మెత్తగా 'పర్వాలేదు' అన్న నా మాట ఆయనకు ఒక పూట అన్నం లేకుండా చేసిందని నాకు ఆ రోజే తెలిసింది. బతికున్నప్పుడు ఒకలా పలికించాను, చనిపోయాక ఇంకోలా పలికించబోయాను. రెండుసార్లూ ఆయన ఏమనాలో నిర్ణయించింది నేనే. ట్రాన్స్‌ఫార్మర్ కింద చెప్పులు లేకుండా నిలబడి తల వంచుకున్నాను. కాళ్ళ దగ్గర ఉల్లిపొట్టు ఎగురుతోంది.

ఆమె డబ్బాలోంచి పెన్‌డ్రైవు పీకి నా చేతిలో పెట్టింది. "మీది తీసెయ్. కొల్లూరుది మాత్రం ఈడ పెట్టం" అన్నది.

మరి మీరు వచ్చినట్టు మాకెలా తెలుస్తుంది అని అడిగాను. అడిగాక ఎందుకు అడిగానా అనిపించింది.

"ఎదురుసూడుండ్రి. గంతే గద" అన్నది.

లోపలికి పోయి 'మా గల్లీ' అనే ఫైలును తీసేసి, పెన్‌డ్రైవు తెచ్చి ఆమెకు ఇచ్చాను. నా కంప్యూటర్‌లో ఉన్న నకలు కూడా తీసేశాను. చెరిపేశావా అని కంప్యూటర్ ఒకసారి అడిగింది, అవునన్నాను. అంత తేలికగా పోయింది.

ఇప్పుడు బండి మా గల్లీలోకి చప్పుడు లేకుండా వస్తుంది. అత్తమ్మ గొణుగుతూనే ఉంది. పిలవకుండా అమ్ముకునే వ్యాపారం ఎక్కడైనా ఉందా అంటుంది. నేను ఆ సమయానికి గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడుతున్నాను. ఎదురుచూడటం నాకు కొత్త. ఆమె నాకంటే పెద్ద, మా ఊరి ఆడబిడ్డ. ఆయన చెప్పిన లెక్కనే ఆమెను నేను ఏమని పిలవాలో నాకు తెలుసు. ఎన్నో రోజులుగా ఆ మాటను లోపల అనుకుంటూనే ఉన్నాను.

నిన్న బండి మా గేటు దాటిపోతుంటే, "అక్కా" అని పిలిచాను.

బండి ఆగలేదు. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ పిలుపు తనకేనని ఆమె అనుకోలేదు.

ఇంకొంచెం గట్టిగా పిలిస్తే ఆగేది. పక్కింటి పటేలమ్మ అప్పటికే తన గేటు తీసుకుని బయటికి వచ్చి, నేను ఎవరిని అక్కా అంటున్నానో అని చూస్తోంది. నేను ఖాళీ గిన్నెతో లోపలికి వచ్చేశాను.